అమ్మమ్మ గుర్తు పెట్టిన బ్యాటరీ

మా అమ్మమ్మ మెడలో ఎప్పుడూ కొలత టేపు వేలాడుతూ ఉంటుంది. స్నానానికి వెళ్ళేటప్పుడు మాత్రం తీసి తలుపు గొళ్ళేనికి తగిలిస్తుంది. అందుకే వీధి వీధంతటికీ ఆవిడ టేపమ్మ. ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే, ఇంకెవరినో అనుకుని తనూ చుట్టూ చూస్తుంది. నలభై ఏళ్ళుగా స్కూలు యూనిఫారాలు, గౌన్లు, ప్యాంట్లు, హోటలు వాళ్ళ కోట్లు కుడుతోంది. మనిషి వచ్చి ఎదురుగా నిలబడితే ముందు నడుము చూస్తుంది, తరవాతే మొహం. మా ఇంట్లో పలకరింపు కూడా అదే. నేను పనిచేసే జెరాక్స్ కొట్టు నుంచి ఇంటికి రాగానే, "అంగుళం పెరిగావే" అంటుంది. పెరిగింది అంగుళమా అరంగుళమా అన్న దాని మీద మేం అన్నం తినేదాకా వాదించుకుంటాం.

బట్టలు తనే కుడుతుంది కానీ కాజాలు మాత్రం బయట కుట్టిస్తుంది. పక్క వీధిలో కాజాల మిషను పెట్టుకున్న మనిషి ఉన్నాడు. చాలా ఏళ్ళ కిందట ఆయన ఎవరిదో కోటు తెచ్చి ఇదే మీదని అంటగట్టాడు. ఆ కోటు వేసుకున్న హోటలు మేనేజరు పెళ్ళి విందులో చెయ్యి పైకెత్తలేక, వచ్చినవాళ్ళకి నడుం దగ్గర నుంచే దణ్ణాలు పెట్టాడట. ఆ అవమానం మా అమ్మమ్మ ఇప్పటికీ మరిచిపోలేదు. అప్పటినుంచీ బయటికి పోయే ప్రతి బట్టకీ లోపలి కుట్టులో రెండు అడ్డగీతలు, ఒక నిలువుగీత దారంతో వేస్తుంది. కొలతల పుస్తకంలో ఆ బట్ట ముక్కని గుండుసూదితో గుచ్చి, పంపిన తేదీ రాస్తుంది. తిరిగొచ్చాక తిరగేసి చూసి, గీతలు కనబడితే "మన గుర్తే. సరే" అని రాస్తుంది. ఆ రెండు మాటలు రాసేటప్పుడు ఆవిడ మొహం చూడాలి, పరీక్ష పాసైన పిల్లలా ఉంటుంది.

మూడేళ్ళ కిందట మోకాళ్ళు మొరాయించాయి. కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి ఎలక్ట్రిక్ స్కూటర్ కొంది. దాని మీద ఆవిడ వేగం ఎంతంటే, నడిచి వెళ్ళేవాళ్ళు పక్కన కలిసి నాలుగు మాటలు మాట్లాడి ముందుకు వెళ్ళిపోతారు. అయినా ఆవిడ దృష్టిలో అంత గొప్ప బండి లోకంలో లేదు. కనబడిన ప్రతివాళ్ళకీ కొనుక్కోమని చెప్పింది. అందరూ నవ్వి ఊరుకున్నారు. మూల మీది బేకరీ అమ్మాయి మాత్రం నమ్మి కొనుక్కుంది.

బేకరీ అమ్మాయి సంగతి ఇక్కడే చెప్పాలి. కింద బేకరీ, పైన ఒకే గది. ఆ గదిలో తనూ, నాలుగేళ్ళ కూతురూ ఉంటారు. పైకి వెళ్ళడానికీ కిందికి రావడానికీ ఒకటే దారి, ఇరుకైన చెక్క మెట్లు. స్కూటర్ ఛార్జింగు పెట్టేది సరిగ్గా ఆ మెట్ల కిందే, ఎందుకంటే ప్లగ్గు అక్కడే ఉంది.

పోయిన ఏడాది స్కూటర్ కంపెనీ నుంచి ఇద్దరికీ ఉత్తరాలు వచ్చాయి. కొన్ని బ్యాటరీల్లో లోపం కనబడిందనీ, అవి ఛార్జింగులో వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉందనీ, ఫలానా నంబరు నుంచి ఫలానా నంబరు దాకా ఉన్నవాటిని వెనక్కి తీసుకుని ఉచితంగా కొత్తవి ఇస్తామనీ రాశారు. ఇద్దరి బ్యాటరీలూ ఆ నంబర్లలోవే. సర్వీస్ సెంటరుకి తీసుకురమ్మన్నారు.

అమ్మమ్మ బ్యాటరీని బల్ల మీద బోర్లించి, కత్తెర మొనతో అడుగున ఉన్న రేకు మీద గీకడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నావే అమ్మమ్మా?" అన్నాను.

"బయటికి పోతోంది కదే. గుర్తుండొద్దూ?"

"దానికి కాజాలు కుట్టరే."

"నీ వెటకారం తగలెయ్య. అవతలికి జరుగు, వెలుతురుకి అడ్డం."

రెండు అడ్డగీతలు, ఒక నిలువుగీత. పుస్తకంలో ఒక ఫ్రాకుకీ ఒక యూనిఫారానికీ మధ్య రాసింది: "స్కూటర్ బ్యాటరీ. బయటికి." గుచ్చడానికి ముక్క లేదని కాస్త బాధపడింది కూడా.

నాలుగు రోజుల తరవాత రెండు బ్యాటరీలూ ఒకే వ్యానులో తిరిగొచ్చాయి. పక్కన కొత్త నంబరు స్టిక్కరు మెరుస్తోంది. చీటీ మీద "కొత్త బ్యాటరీ అమర్చడమైనది" అని రాసి, సర్వీస్ సెంటరు ముద్ర కొట్టారు. అమ్మమ్మ చీటీ చదవకముందే బ్యాటరీని తిరగేసింది. అడుగున గీతలున్నాయి. మొహం వెలిగిపోయింది. పుస్తకం తెరిచి రాసుకుంది: "మన గుర్తే. సరే."

నేను పక్కనే ఉన్నాను. నాకూ ఏమీ తట్టలేదు. తొమ్మిదో తరగతి రెండుసార్లు చదివినదాన్ని, ఆవిడకంటే నాకే ముందు తట్టాలి.

ఆరు వారాలు గడిచాయి. ఒకరోజు పదకొండు గంటలకి ఒక టీచరుగారు జాకెట్టు కొలతలు ఇస్తున్నారు. గది మూల ఛార్జింగులో ఉన్న బ్యాటరీ లోంచి బుస్సుమని శబ్దం వచ్చింది. అమ్మమ్మ ఇస్త్రీపెట్టె అనుకుందట. తిరిగి చూసేసరికి తెల్లటి పొగ, ముక్కు పగిలే వాసన. ఆవిడ నీళ్ళ కోసం పోలేదు, ప్లగ్గు కోసం పోలేదు. టీచరుగారిని టేపుతో సహా వీధిలోకి లాక్కొచ్చి, వెనక తలుపు మూసేసింది. చేతిలో ఉన్నది కొలతల పుస్తకమొక్కటే. వాళ్ళు రోడ్డు దాటేలోగా లోపల ఢామ్మని పేలింది.

అగ్నిమాపక దళం వచ్చి గంటసేపు నీళ్ళు కొట్టింది. కుట్టు మిషను నల్లటి ఎముకల గూడైంది. ముప్పై ఎనిమిది యూనిఫారాలు బూడిదైపోయాయి. మనుషులకి ఏమీ కాలేదు, అదొక్కటే అదృష్టం.

ఆ దళం పెద్దాయన వెళ్ళేముందు అమ్మమ్మని పక్కకి పిలిచాడు. "అమ్మా, ఇలాంటి బ్యాటరీ ఆరిపోయినట్టే ఉండి మళ్ళీ అంటుకుంటుంది. ఇంట్లోకి తేకండి. పెరట్లో గోడకి దూరంగా ఇనుప డ్రమ్ములో, ఇసకలో పెట్టించాను. పారెయ్యకండి. ఎవరొచ్చి అడిగినా ఊరికే ఇచ్చెయ్యకండి. మా రిపోర్టు ఎల్లుండి తీసుకోండి. ఫొటోలు ఇవాళే తీసి పెట్టుకోండి" అన్నాడు. నేను నా ఫోనులో ఖాళీ అయిపోయేదాకా తీశాను.

మూడో రోజు సర్వీస్ సెంటరు మేనేజరు వచ్చాడు. ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాడు గనక మేం ఆయన్ని నవ్వులాయన అంటాం. కాలిపోయిన గదిని చూసి కూడా నవ్వాడు. అలవాటు, పాపం.

"బ్యాటరీ ఇవ్వండమ్మా, పరీక్షకి పంపిస్తాం. బహుశా మీరు వేరే ఛార్జరు వాడి ఉంటారు" అన్నాడు.

"మీరిచ్చిందే వాడాను. అది కూడా కాలిపోయి డ్రమ్ములోనే ఉంది. తీసుకెళ్ళండి, కానీ చీటీ రాసివ్వండి. ఏ బ్యాటరీ, ఏ నంబరు, ఎవరు తీసుకెళ్ళారు, ఎప్పుడు తిరిగిస్తారు."

"ఇంత చిన్నదానికి చీటీలెందుకమ్మా?"

"కాజాలకి చొక్కా ఇచ్చినా చీటీ లేకుండా నా గడప దాటదు నాయనా. ఇది నా గదినే కాల్చేసింది."

నవ్వులాయన రాయనన్నాడు. "సరే, నేనే రాసుకుంటా" అని అమ్మమ్మ పుస్తకం తెరిచింది, పాత లెక్క ఎక్కడుందో చూడ్డానికి వేలితో కిందికి జరుపుకుంటూ వెళ్ళింది. వేలు ఆగిపోయింది. నేను వంగి చూశాను. "మన గుర్తే. సరే."

కాజాలకి పోయిన చొక్కా అయితే గుర్తుతో తిరిగి రావాలి. మార్చేస్తామని తీసుకెళ్ళిన బ్యాటరీ గుర్తుతో తిరిగి రాకూడదు. నలభై ఏళ్ళ అలవాటులో ఆవిడ రెండింటినీ ఒకే గాటన కట్టేసింది. పాత బ్యాటరీకే కొత్త స్టిక్కరు అంటించి పంపితే, మన వస్తువు మనకి భద్రంగా చేరిందని మురిసిపోయింది.

పుస్తకం మూసింది. "మీరు వెళ్ళండి" అంది నవ్వులాయనతో. గొంతులో కోపం కూడా లేదు. చెప్పులు వేసుకోలేదు. ఆ మోకాళ్ళతో బేకరీ దాకా ఎంత జోరుగా నడిచిందంటే నేను వెనక పరిగెత్తాల్సి వచ్చింది. బేకరీ అమ్మాయి ట్రేలో బన్నులు సర్దుతోంది. అమ్మమ్మ పలకరించకుండా మెట్ల కిందికి దూరి ప్లగ్గు పీకేసింది.

"అయ్యో పెద్దమ్మా, సగమే ఎక్కింది! సాయంత్రం రెండు కేకులు ఇచ్చి రావాలి."

"నడిచి ఇచ్చి రా. నీది కూడా పాతదే అయ్యుంటుంది."

"చీటీలో కొత్తదని రాశారుగా?"

"నాకూ అలాగే రాశారు."

ఆ అమ్మాయి ఒకసారి మెట్ల వైపు, ఒకసారి పైన పాప పాడుకుంటున్న గది వైపు చూసింది. బ్యాటరీని ముగ్గురం కలిసి వెనక సందులోకి మోసుకెళ్ళి, రేకు పెట్టెలో పెట్టాం.

దాని స్టిక్కరు పీకి, కింద అచ్చుకొట్టిన అసలు నంబరు చూస్తే తేలిపోతుందని నేనన్నాను. గోరు కూడా సిద్ధం చేసుకున్నాను. అమ్మమ్మ నా చేతి మీద ఒక్కటి కొట్టింది.

"నువ్వు పీకితే, అంటించింది కూడా నువ్వే అంటారు. పీకాల్సినవాళ్ళు పీకాలి."

"పీకాల్సినవాళ్ళెవరు?"

"అదే కనుక్కుందాం."

కనుక్కోవడానికి మాకు పది రోజులు పట్టింది. వినియోగదారుల సలహా కేంద్రంలో కళ్ళజోడు మేడమ్ ఒకావిడ ఉంది. అమ్మమ్మ చెప్పింది చివరిదాకా విన్న మొదటి మనిషి ఆవిడే. ముందు కంపెనీకి నోటీసు పంపమంది. దాంట్లో ఏం జరిగింది, మీకేం కావాలి అన్నవి రెండే ఉండాలి, తిట్లు ఉండకూడదు అంది. తిట్లు కొట్టేశాక అమ్మమ్మ నోటీసు మూడు పేజీల నుంచి ఒక పేజీ అయింది. గడువులోగా న్యాయం చెయ్యకపోతే వినియోగదారుల కోర్టులో ఫిర్యాదు వెయ్యొచ్చు, వకీలు లేకుండా మీరే మాట్లాడుకోవచ్చు అని కూడా మేడమ్ చెప్పింది. కొన్న బిల్లు, బ్యాటరీ వెనక్కి తెమ్మన్న ఉత్తరం, కొత్తదని రాసిచ్చిన చీటీ, అగ్నిమాపక రిపోర్టు, ఫొటోలు. అన్నిటికీ నేను మూడేసి నకళ్ళు తీశాను. మా కొట్టు యజమాని కళ్ళు తెరుచుకుని చూస్తుండగానే తీశాను.

పుస్తకం దగ్గరికి వచ్చేసరికి ఆగాను.

"అమ్మమ్మా, పంపిన పేజీ ఒక్కటే చూపిద్దాం. తిరిగొచ్చిన పేజీ వద్దు. అది చూస్తే, తెలిసే పెట్టుకున్నావంటారు. నిన్నే తప్పు పడతారు."

"పంపిన పేజీ ఏం చెప్తుంది? గుర్తు పెట్టానని. పాతదే తిరిగొచ్చిందని చెప్పేది రెండోదే." కాసేపు టేపుని వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. "తియ్యి. రెండూ తియ్యి. నల్లగా రావాలి, అక్షరం మసక లేకుండా."

నోటీసుకి కంపెనీ నుంచి రెండు జవాబులు వచ్చాయి. కాగితం మీద వచ్చినదాంట్లో, బ్యాటరీ మార్చేశామనీ, తప్పు మీ ఇంటి వైరింగుదనీ ఉంది. రెండోది నవ్వులాయన నోటితో వచ్చింది. కొత్త స్కూటరు, కొత్త కుట్టు మిషను, గదికి సున్నం, అన్నీ ఇస్తామన్నారు. వైరింగు వల్లే జరిగిందనీ, ఇక ఎవరితోనూ ఈ మాట ఎత్తననీ సంతకం పెట్టాలి, అంతే.

బేకరీ అమ్మాయి అప్పటికి రెండు నెలలుగా కేకు పెట్టెలు మోసుకుంటూ నడుస్తోంది. ఆమే వచ్చి చెప్పింది. "తీసుకోండి పెద్దమ్మా. నా కోసం ఆగకండి. నేనెలాగో పడతాను."

"నీ కోసమని ఎవరన్నారే? నీ మెట్ల కోసం ఆగుతున్నా. కొనుక్కోమని చెప్పిన నోరు ఇది. దీనితో ఎత్తనని ఎలా రాసిస్తాను?"

నవ్వులాయన ఆ రోజు మొదటిసారి నవ్వకుండా వెళ్ళాడు. ఫిర్యాదు కోర్టుకి వెళ్ళింది.

కోర్టు అంటే నేనేదో అనుకున్నాను. ఒక పొడుగు గది, తిరగని ఫ్యాను, బల్ల వెనక ముగ్గురు. మధ్యలో కూర్చున్న పెద్దావిడ చెయ్యి పైకెత్తినప్పుడల్లా ఆవిడ కోటు చంకలో బిగుస్తోందని అమ్మమ్మ నా చెవిలో గొణిగింది. నేను కాలు తొక్కాను.

మొదటి వాయిదాలోనే కాలిన బ్యాటరీని ప్రయోగశాలకి పంపమన్నారు. కోర్టు మనిషే వచ్చి, మూట కట్టి, సీలు వేసి, చీటీ రాసి తీసుకెళ్ళాడు. ఆ చీటీ చూసుకుని అమ్మమ్మ రెండు రోజులు మురిసింది. నెలన్నరకి రిపోర్టు వచ్చింది. స్టిక్కరు కాలిపోయినా, రేకు మీద అచ్చుకొట్టిన నంబరు మిగిలింది. అది కంపెనీ వెనక్కి తీసుకుంటామన్న జాబితాలోదే. అడుగున మూడు గీతలున్నాయి, గీతల లోపల కూడా మసి కాలి పట్టి ఉంది, అంటే మంట కంటే ముందు గీసినవే అని రాశారు.

రెండో వాయిదాలో కంపెనీ వకీలు లేచాడు. చక్కని మనిషి, మెత్తగా మాట్లాడతాడు. మెత్తగా మాట్లాడేవాళ్ళే గట్టిగా కొడతారని నాకా రోజు తెలిసింది.

"అమ్మా, ఈ పుస్తకం మీదేనా?"

"నాదే."

"'మన గుర్తే. సరే.' ఇది మీ చేతిరాతేనా?"

"నాదే బాబూ."

"అంటే పాత బ్యాటరీయే తిరిగొచ్చిందని మీకు ఆ రోజే తెలుసు. తెలిసి ఎవరికీ చెప్పలేదు. తెలిసే ఛార్జింగు పెట్టారు. అవునా, కాదా?"

బేకరీ అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అమ్మమ్మ కుట్టిన బట్ట ఒక్కటి వంకర పోయిందంటేనే రెండు రోజులు అన్నం తినని మనిషి. అలాంటిది, ఇంతమంది ముందు చెప్పాలి.

"అవును. చూశాను. చూసి సంతోషించాను కూడా," అంది. "నేను బట్టలు కుట్టేదాన్ని. గుర్తు తిరిగొస్తే మంచిదని నా బుర్ర. అది నా తప్పే, రాసుకోండి. నా పుస్తకంలో నేనే రాసుకున్నాను, ఇంకెవరూ రాయలేదు. కానీ బాబూ, కొత్తదని చీటీ రాసి ముద్ర కొట్టింది నేను కాదు. నా తప్పుకి నా గది కాలింది. ఆ సెంటరు నుంచి స్టిక్కర్లు మార్చుకుని వెళ్ళినవి ఎన్ని ఉన్నాయో, ఇవాళ ఎవరి మెట్ల కింద ఛార్జింగులో ఉన్నాయో, అది మీరు చెప్పండి. నేను ఇన్నాళ్ళూ తిరుగుతున్నది అది అడగడానికే."

వకీలు కాగితాలు తిరగేశాడు. బల్ల మధ్యన ఉన్న పెద్దావిడ ఆయన్ని ఆగమని, వెనక వరసలో ఉన్న నవ్వులాయన్ని ముందుకి పిలిచింది. అప్పుడు ఆయన చెప్పుకొచ్చాడు. కొత్త బ్యాటరీలు పై నుంచి సమయానికి రాలేదట. జనం రోజూ వచ్చి అరుస్తున్నారట. మీటరు పెట్టి చూస్తే బాగానే ఉన్నట్టు కనబడినవాటికి స్టిక్కరు మార్చి పంపేశారట, కొత్తవి వచ్చాక మార్చేద్దామని.

"ఎన్ని?" అంది పెద్దావిడ.

"అరవై నాలుగు, మేడమ్."



తీర్పు తరవాత వచ్చింది, కానీ ఉత్తర్వు ఆ మధ్యాహ్నమే ఇచ్చారు. అరవై నాలుగు ఇళ్ళకీ ఆ రోజే ఫోన్లు చేసి ఛార్జింగు ఆపించాలి. వారంలోగా కోర్టు మనిషి ఎదుట స్టిక్కరు పీకి, అసలు నంబరు చూసి, ఇంటి దగ్గరే బ్యాటరీ మార్చాలి. నంబర్ల జాబితా సెంటరు గోడ మీద అంటించాలి. తరవాత వచ్చిన తీర్పులో అమ్మమ్మకి గది, మిషను, యూనిఫారాల నష్టం ఇమ్మన్నారు. పాత గుర్తు చూసి కూడా చెప్పనందుకు అందులో కొంత తగ్గించారు. ఆ తగ్గించిన వాక్యం అమ్మమ్మ నా చేత రెండుసార్లు చదివించుకుంది.

"సరిగ్గానే కత్తిరించారు," అంది.

ఉత్తర్వు వచ్చిన నాలుగో రోజు వ్యాను బేకరీ ముందు ఆగింది. మెకానిక్కు, అతని పక్కన కోర్టు మనిషి. సందులోంచి రేకు పెట్టె తెచ్చారు. మెకానిక్కు స్టిక్కరు అంచు గోరుతో లేపి మెల్లగా లాగాడు. కింద పాత నంబరు తేలింది. కోర్టు మనిషి జాబితా చూసి తలాడించాడు. బేకరీ అమ్మాయి లోపలికి వెళ్ళి, ఏడుస్తున్నట్టు కనబడకూడదని కాబోలు, కూతురి జుట్టు విప్పి మళ్ళీ జడ వేసింది.

మెకానిక్కు కొత్త బ్యాటరీ దింపి చీటీ చాచాడు. "సంతకం పెట్టండి, అయిపోతుంది."

అమ్మమ్మ చీటీ లాక్కుని, బ్యాటరీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. నన్ను నంబరు చదవమంది. నేను చదివాను. ఒక్కొక్క అంకె మీదా ఆవిడ వేలు ఆగి ఆగి కదిలింది. చివరి దగ్గర ఆగింది.

"చీటీలో ఏడు. బ్యాటరీ మీద ఒకటి."

"రాసేటప్పుడు ఏదో పొరపాటు పెద్దమ్మా. ఒక్క అంకేగా."

"ఒక్క అంకేగా, పోయి సరైన చీటీ తీసుకురా."

"సెంటరు అక్కడెక్కడో ఉంది. రాను పోను రెండు గంటలు!"

"మేమిక్కడే ఉంటాం. ఎక్కడికీ పోము."

అతను కోర్టు మనిషి వంక చూశాడు. కోర్టు మనిషి అప్పటికే ఒక బన్ను తీసుకుని స్టూలు మీద కూర్చున్నాడు. వ్యాను వెళ్ళింది. అమ్మమ్మ కొత్త బ్యాటరీ పక్కన పీట వేసుకుంది. ఆవిడని చూసి రొట్టెల కోసం వచ్చినవాళ్ళు పక్కనుంచి తప్పుకుని వెళ్ళారు. మధ్యలో ఎలక్ట్రీషియనుని పిలిపించి, ప్లగ్గుని మెట్ల కింద నుంచి వీధి వైపు గోడకి మార్పించింది.

నాలుగింటికి చీటీ వచ్చింది. మళ్ళీ నేను చదివాను, మళ్ళీ ఆవిడ వేలు నడిచింది. ఈసారి చివరిదాకా ఆగలేదు. అప్పుడు బేకరీ అమ్మాయి చేతికి పెన్ను ఇచ్చింది. పాత బ్యాటరీని వ్యాను ఎక్కించారు. వ్యాను మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా మా అమ్మమ్మ రోడ్డు మధ్యలో నిలబడే ఉంది. వెనక రెండు ఆటోలు హారన్లు కొడుతున్నా జరగలేదు.